బుగులును ఏ గడిలో రాయాలి?

శరణార్థి అనగానే మన కళ్లముందు సరిహద్దులు, ముళ్లకంచెలు, గుడారాలు కదులుతాయి. 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ప్రకారం కూడా దేశం దాటి వచ్చిన మనిషే శరణార్థి. (ఆ ఒడంబడికపై భారతదేశం ఈనాటికీ సంతకం చెయ్యలేదన్నది వేరే సంగతి.) సొంత దేశంలోనే ఇల్లూ వూరూ పోగొట్టుకున్నవాళ్లకి ఆ పేరు దక్కదు. వాళ్లని మనం ముంపు బాధితులంటాం, నిర్వాసితులంటాం, వలస కూలీలంటాం. 1998లో ఐక్యరాజ్యసమితి అంతర్గత నిర్వాసితుల గురించి కొన్ని మార్గదర్శక సూత్రాలు రూపొందించింది. తగిన ప్రజాప్రయోజనం లేకుండా భారీ ప్రాజెక్టుల కోసం జనాన్ని ఖాళీ చేయించటాన్ని కూడా వాటిలో చేర్చింది. కానీ అవి సూత్రాలే, ఏ కోర్టులోనూ నిలబెట్టి అడగగలిగిన హక్కులు కావు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పిల్లల గురించి మాట్లాడేటప్పుడు ఈ పేర్ల తేడాని కాసేపు పక్కన పెట్టాలని నా అభిప్రాయం. బడి, వాకిలి, పక్కింటి నేస్తం, వూరి బొడ్రాయి అన్నీ ఒక్కసారే పోయిన ఎనిమిదేళ్ల పిల్లకి తాను దాటినది దేశం సరిహద్దా, మండలం సరిహద్దా అన్న విచక్షణతో పనిలేదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఇటువంటి పిల్లలతో పనిచేసే టీచర్లకి, కౌన్సిలర్లకి, ఆరోగ్య కార్యకర్తలకి సాయపడే 'డిజిటల్ సాధనాల' గురించి కొన్నేళ్లుగా చాలా వినిపిస్తోంది. సిరియా, ఉక్రెయిన్ యుద్ధాల నుంచి పారిపోయి వచ్చిన పిల్లల కోసం యూరప్‌లో ఇటువంటివి తయారయ్యాయి. మన దగ్గరా ఫోన్ లైన్లు, యాప్‌లు, పోర్టళ్లు వచ్చాయి. వీటిని చూసి మురిసిపోనక్కరలేదు, ముఖం తిప్పుకోనూ అక్కరలేదు. వీటిలో ఏది మంచిదో తేల్చుకోవటానికి రెండు ప్రశ్నలు చాలనుకుంటున్నాను. ఈ సాధనం వచ్చాక పిల్ల తన బాధని ఎంతమంది ముందు, ఎన్నిసార్లు చెప్పుకోవలసి వస్తోంది? ఆ బాధని వినే మనిషికి దీనివల్ల చేయూత దొరికిందా, కొత్త చాకిరీ దొరికిందా? ఆ వినే మనిషి మన జిల్లాల్లో దాదాపు ఎప్పుడూ స్త్రీయే కాబట్టి రెండో ప్రశ్న మనది కూడా.

ముందు మన పిల్లలెవరో చూద్దాం. శ్రీశైలం ప్రాజెక్టు కింద మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు మునిగాయి. లక్షకు పైగా మనుషులు చెల్లాచెదురయ్యారు. 1981లో ప్రభుత్వం దగ్గరుండి ఇళ్లు కూలగొట్టించింది. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర కూడవెల్లిలో వున్న సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయి విప్పి ఆలంపూర్‌కి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. పనితనంలో లోపం లేదు, ఇప్పటికీ వెళ్లి చూడవచ్చు. ఆ గుడికి తీసుకున్నంత జాగ్రత్త ఆ చుట్టుపక్కల వూళ్ల పిల్లల విషయంలో ఎవరూ తీసుకోలేదు. కుటుంబానికొక వుద్యోగం అంటూ 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. కూల్చివేతలనాడు తల్లుల కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్లలే నెరిసిన జుట్టుతో ఆ జీవో అమలు కోసం కలెక్టరేట్ల ముందు కూర్చున్నారు. 'ముంపు' అన్న మాట కొల్లాపూర్ ప్రాంతంలో ఒక తరం మొత్తానికి ఇంటిపేరులా అతుక్కుపోయింది.

ఇది పాతకథ కాదు. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకి 2015లో శంకుస్థాపన జరిగింది. అందులో భాగమైన ఉదండాపూర్ రిజర్వాయరు కింద జడ్చర్ల దగ్గర ఉదండాపూర్, వల్లూరు, వాటి చుట్టూ వున్న తండాలు పోతాయి. పదేళ్లు గడిచినా పునరావాస ప్యాకేజీ కోసం ఆందోళనలు వినిపిస్తూనే వున్నాయి. నల్లగొండ వైపు డిండి ఎత్తిపోతల కింద మర్రిగూడ, నాంపల్లి మండలాల్లోనూ ఇదే గోస. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం నుంచి చెంచు పెంటలని కిందికి దింపే ప్రయత్నాలున్నాయి. ఇలా ఎదురుచూడటం కూడా ఒక దెబ్బే. 'ఎట్లాగూ పోయేదే కదా' అని బడికి సున్నం వెయ్యరు, ఇంటి కప్పు బాగు చేసుకోరు, పెళ్లికెదిగిన పిల్లని పరిహారం డబ్బు చేతిలో వున్నప్పుడే పంపెయ్యాలనుకుంటారు. వూరు మునగకముందే చదువు మునిగిపోయేది ముందుగా ఆడపిల్లలకే. 2013 భూసేకరణ చట్టం పెళ్లితో నిమిత్తం లేకుండా వయోజనురాలైన కూతురిని విడి కుటుంబంగా లెక్కించమంది. అది మంచి మాట, మహిళా సంఘాలు అడిగిన మాటే. కానీ లెక్క తేదీ నాటికి 18 నిండని పిల్ల ఆ లెక్కలో విడిగా లేదు. ప్రాజెక్టు సాగే పదేళ్లలో ఆమె ఎదిగి, పెళ్లై, ఆ వూరిదీ కాకుండా పోతుంది. అదే చట్టం మూడో షెడ్యూలులో పునరావాస కాలనీకి 25 రకాల సదుపాయాలు రాశారు. రోడ్డు వుంది, శ్మశానం వుంది, పశువులకి నీళ్లున్నాయి, అంగన్‌వాడీ కూడా వుంది. బెదిరిన పిల్లతో కూర్చుని మాట్లాడే మనిషి ఆ పాతికలో లేదు.

ఇక పాలమూరు లేబర్. దేశంలో ఎన్నో ఆనకట్టలకి మట్టి మోసిన ఈ జిల్లా మనుషులు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వెళ్లేవాళ్లు. నారాయణపేట, కోస్గి వైపు నుంచి ముంబై, పుణేలకి ఇప్పటికీ వెళుతున్నారు. వెంట తీసుకెళ్లిన పిల్లలు రేకుల షెడ్డుల్లో పెరుగుతారు. వదిలి వెళ్లిన పిల్లలు ముసలమ్మల దగ్గరో, హాస్టళ్లలోనో, కస్తూర్బా విద్యాలయాల్లోనో పెరుగుతారు. అటునుంచి ఇటు వచ్చేవాళ్లూ వున్నారు. భువనగిరి చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో ఒడిషా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు తెలుగు రాని వూళ్లో ఆరేడు నెలలు గడుపుతారు. రాష్ట్రం మొత్తంగా చూస్తే 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం హింసకి తట్టుకోలేక గోదావరి అడవుల్లోకి వచ్చిన ఆదివాసీ కుటుంబాలున్నాయి. 2012 ప్రాంతం నుంచి హైదరాబాదు బాలాపూర్ వైపు బస్తీల్లో తలదాచుకున్న రోహింగ్యాలున్నారు. చట్టం దృష్టిలో వీళ్లందరూ వేరు వేరు. పిల్లలు రాత్రిపూట వులిక్కిపడి లేవటంలో తేడా లేదు.

మానసిక ఆఘాతం, ట్రామా అన్న మాట చరిత్రలో స్త్రీల వుద్యమానికి వాటా వుంది. ఆఘాతానంతర రుగ్మతకి 1980లో అమెరికన్ మనోవైద్యుల జాబితాలో చోటు దొరికింది ప్రధానంగా వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల పోరాటం వల్ల. జుడిత్ హెర్మన్ 1992లో రాసిన పుస్తకంలో ఆ సైనికుల పక్కనే అత్యాచారానికి గురైన స్త్రీలనీ, ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లనీ, బాల్యంలో హింసకి గురైనవాళ్లనీ నిలబెట్టింది. యుద్ధభూమి ఇంట్లో కూడా వుంటుందని వైద్యశాస్త్రం చేత ఒప్పించటంలో ఆ పుస్తకం పాత్ర చిన్నది కాదు. దాన్ని మనం వదులుకోకూడదు. అయితే 'అనంతరం' అన్న మాట దగ్గరే నాకు పేచీ. సైనికుడు ఇంటికి తిరిగొచ్చాడు, అతనికి అనంతరం వుంది. ముంపు వూరి పిల్లకి, బట్టీలోని పిల్లకి ఆ దెబ్బ ఇంకా తగులుతూనే వుంది. నీళ్లు రేపో మాపో వస్తాయి, అమ్మ వుగాదికి వస్తుందో రాదో తెలియదు, నాన్న తాగి వస్తాడు. దానిని జరిగిపోయిన సంఘటనగా భావించి వేసిన ప్రశ్నలకి ఆ పిల్ల ఏం జవాబు చెబుతుంది?

పిల్లలు దేనిని ఎలా చెబుతారో చూడండి. మన జిల్లాల్లో ఎవరూ 'నాకు ఆందోళనగా వుంది' అనరు. 'బుగులైతుంది' అంటారు. 'పానం మంచిగ లేదు' అంటారు. పిల్ల జడుసుకున్నదని తాయెత్తు కట్టిస్తారు, దిష్టి తీస్తారు, దర్గాకి తీసుకెళతారు. జడుసుకోవటం అంటే పిల్ల అల్లరి చెయ్యటం కాదు, ఆమెకి బయటి నుంచి ఏదో జరిగిందని అర్థం. అమ్మమ్మల ఆ అవగాహన మన మనోవైద్య పుస్తకాలకి చాలా దగ్గర. బడిలో మాత్రం అదే పిల్ల మొద్దు, మొండి, దొంగనిద్ర పోయేది. పక్క తడిపితే హాస్టల్లో ఎగతాళి. మగపిల్లవాడు కొట్లాటకి దిగుతాడు కాబట్టి ఎవరో ఒకరు గమనిస్తారు. ఆడపిల్ల మరీ నెమ్మదిగా, మరీ పనిమంతురాలిగా మారిపోతుంది. తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది, అంట్లు తోముతుంది, మాట్లాడదు. మంచిపిల్ల అని మెచ్చుకుంటాం.

ఇప్పుడు సాధనాల దగ్గరికి వస్తాను. ప్రపంచమంతటా శరణార్థి పిల్లల దగ్గర వాడే ఒక ప్రశ్నావళి వుంది. నార్వేలోని బెర్గెన్‌లో వున్న 'చిల్డ్రన్ అండ్ వార్ ఫౌండేషన్' దాన్ని ఉచితంగా ఇస్తుంది. పొట్టి రూపంలో ఎనిమిది ప్రశ్నలు, ఎనిమిదేళ్లు దాటి చదవగలిగిన పిల్లలకి. అనుకోకుండా ఆ విషయం గుర్తొస్తోందా, దాన్ని గుర్తుచేసే చోట్లకి పోకుండా తప్పుకుంటున్నావా, ఇలా వుంటాయి. ప్రతి జవాబుకీ సున్నా, ఒకటి, మూడు, అయిదు మార్కులు. మొత్తం 17 వచ్చినా, దాటినా ఆ పిల్లని నిపుణుల దగ్గరికి పంపాలి. దీన్ని చులకన చెయ్యను. వందమంది పిల్లలున్న హాస్టల్లో, ఎవరూ గమనించని ఆ 'మంచిపిల్ల'ని ఎనిమిది ప్రశ్నలు పట్టుకోగలవు. కాగితం మీద వున్నది ఫోన్‌లోకి వస్తే లెక్క తప్పదు. అయినా కొన్ని సంగతులు అడగాలి. ఆ 'విషయం' ఏమిటో ముందే ఒకటి వుండాలి కదా, మునిగే వూరికి అది ఏది? 'ఆ చోటికి పోకుండా తప్పుకుంటున్నావా' అన్న ప్రశ్నకి, ఆ చోటులోనే బతుకుతున్న పిల్ల ఏం చెప్పాలి? గోర్‌బోలి తప్ప ఇంట్లో మరో మాట లేని తండా పిల్లకి పాఠ్యపుస్తకం తెలుగులో ఈ ప్రశ్నలు ఎలా అందుతాయి? బుగులును ఏ గడిలో రాయాలి? అన్నిటికంటే ముఖ్యం, 17 దాటాక పంపాల్సిన నిపుణులు ఎక్కడున్నారు? మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేటల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాక జిల్లాలో ఒక మనోవైద్య విభాగమన్నా దొరుకుతోంది. కానీ దేవరకొండ అవతలి తండా నుంచి రోజు కూలి పోగొట్టుకుని, రెండు బస్సులు మారి, నెలకి రెండుసార్లు పిల్లని తీసుకెళ్లే తల్లి ఎవరు? పంపే చోటు లేకుండా కొలవటం నా దృష్టిలో అన్యాయం. పిల్ల చేత చెప్పించి, సంఖ్య వేసుకుని, మళ్లీ తన మూలకి తనని పంపెయ్యటమే అది.

ఇక్కడే ఫోన్‌కి నిజమైన వుపయోగం వుంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ లైను, 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. బెంగుళూరు నిమ్హాన్స్ దాని వెనక వుంది. అదే నిమ్హాన్స్‌లో 2020 నుంచి సంవాద్ అనే విభాగం కష్టాల్లో వున్న పిల్లలతో పనిచేసేవాళ్లకి శిక్షణ ఇస్తోంది. సంవాద్ గురించి నాకు నచ్చిన విషయం, అది యాప్‌తో కాకుండా పిల్లతో ఎలా కూర్చోవాలి, ఏ మాట అనకూడదు, పిల్ల చెప్పకపోతే ఎలా వూరుకోవాలి అన్నదానితో మొదలవుతుంది. మధ్యప్రదేశ్‌లో సీహోర్ జిల్లా ఆశా కార్యకర్తలకి దిగులు జబ్బు గురించి ఫోన్ ద్వారా శిక్షణ ఇచ్చే ప్రయోగాలు జరిగాయి. ఇటువంటివన్నీ మనిషికి తోడుగా ఫోన్‌ని పెడతాయి, మనిషి బదులుగా కాదు. పిల్ల చేతికే నేరుగా యాప్ ఇస్తే సరిపోతుందనే వాదన మాత్రం మన పల్లెల్లో నిలవదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 26.5 శాతమే. తర్వాత అది పెరిగి వుంటుంది, కానీ ఇంట్లో ఫోన్ ఎవరి జేబులో వుంటుందో మనందరికీ తెలుసు. అన్న ఫోన్‌లో చెల్లెలు తన బాధ రాసుకోలేదు. ఆ బాధకి కారణం అన్నే కావచ్చు.

అందుచేత మధ్యలో వున్న మనిషి గురించి ఆగి మాట్లాడాలి. ముంపు వూళ్లో అంగన్‌వాడీ టీచరు కూడా ముంపు బాధితురాలే. ఆమె ఇల్లూ పోతుంది, ఆమె పిల్లల బడీ పోతుంది, కేంద్రం ఎక్కడికి మారుతుందో ఆమెకే తెలియదు. తన బుగులు తనకుండగా నలభైమంది బుగులు ఆమె మొయ్యాలి. 2021లో తెలంగాణ ప్రభుత్వం పెంచిన గౌరవవేతనం 13,650 రూపాయలు. 2023 సెప్టెంబరులో వీళ్లు మూడు వారాలకి పైగా సమ్మె చేస్తే, మొదట మన పత్రికలు రాసింది కేంద్రాల తాళాలు పగలగొట్టడం గురించి. అప్పటికే ఆమె ఫోన్‌లో 2021 నుంచి పోషణ్ ట్రాకర్ వుంది. బరువు, ఎత్తు, హాజరు, ఫొటో. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే పోషకాహారానికి ముఖం గుర్తింపు కూడా తప్పనిసరి చేశారు. తల్లి పుణేలో, బిడ్డ నాయనమ్మ దగ్గర వుంటే ఎవరి ముఖం చూపించాలి? ఇటీవల ఒక కేంద్రంలో కూర్చున్నప్పుడు గమనించాను, సిగ్నల్ కోసం టీచరమ్మ నాలుగుసార్లు బయటికెళ్లింది. ఆమె గుమ్మంలో ఫోన్ ఎత్తి పట్టుకున్న సమయంలో, కొత్తగా చేరిన ఒక పిల్ల గోడవైపు తిరిగి అలాగే వుండిపోయింది. టీచరు చూడలేదని అనను. చూసింది, వెళ్లలేకపోయింది. డాష్‌బోర్డులో ఆ రోజు ఆ కేంద్రం నూటికి నూరు.

ఇంకొక యాప్ వేసి, పిల్లల మనసు కూడా ఆ ఫోన్‌లోనే ఎక్కించమంటే వచ్చేది సాయం కాదు. నిజంగా సాయం చెయ్యాలంటే ముందు ఆ ఫోన్ మీద వున్న బరువు కొంత దించాలి. వారానికొకసారి అయిదారుగురు టీచర్లు, ఒక కౌన్సిలర్ కలిసి అరగంట ఫోన్‌లో మాట్లాడుకోగలిగితే చాలు. ఈ వారం ఏ పిల్ల విషయంలో నాకు నిద్రపట్టలేదు అని పేర్లు చెప్పకుండా పంచుకోవచ్చు. ఇది మామూలు కాన్ఫరెన్స్ కాల్, దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కౌన్సిలర్‌కి జీతం కావాలి, టీచరుకి ఆ అరగంట పనిగంటల్లో లెక్కగట్టాలి. మనవాళ్లు యాప్ కొనటానికి చూపే వుత్సాహం ఆ జీతం ఇవ్వటానికి చూపరు. తండాల్లో గోర్‌బోలి మాట్లాడే ఆశాల గొంతుతోనే ధైర్యం చెప్పే మాటలు, ఆటలు రికార్డు చేసి పంచుకోవచ్చు. ఆ భాషకి సొంత లిపి లేదు కాబట్టి ముద్రించిన పుస్తకం కంటే గొంతే ఎక్కువ పనిచేస్తుంది. సాంకేతికత ఇక్కడ నిజంగా వరమే.

పిల్ల ఎన్నిసార్లు చెప్పాలి అన్న నా మొదటి ప్రశ్నకి 2018 యాదగిరిగుట్ట ఒక సమాధానం. వ్యభిచార గృహాల నుంచి పోలీసులు చిన్న చిన్న ఆడపిల్లలని బయటికి తెచ్చిన ఆ సంఘటన దేశమంతా తెలిసింది. అలాంటి పిల్ల మొదట పోలీసులకి చెప్పాలి, తర్వాత డాక్టరుకి, బాలల సంక్షేమ సమితికి, మేజిస్ట్రేటుకి, హోములో సూపరింటెండెంటుకి, కౌన్సిలర్‌కి, ఏళ్ల తర్వాత కోర్టుకి. ప్రతిచోటా కొత్త ఫారం, మొదటి నుంచి కథ. 2012 పోక్సో చట్టం ఈ బాధని గుర్తించింది. వాంగ్మూలాన్ని వీలైనచోట ఆడియో వీడియోలో రికార్డు చెయ్యమంది, పిల్లని కోర్టుకి పదే పదే పిలవకూడదంది, నిందితుడి ఎదుట పడకుండా వీడియో ద్వారా సాక్ష్యం తీసుకోవచ్చంది. హైదరాబాదులో 2016లో మొదలైన భరోసా కేంద్రం ఆలోచన కూడా ఇదే, పోలీసు, వైద్యం, న్యాయ సలహా ఒకే కప్పు కింద. ఇదే దారిలో సాధనాలు నడవాలి. హోము మారినప్పుడు, జిల్లా మారినప్పుడు, పునరావాస కాలనీకి వెళ్లినప్పుడు ఆ పిల్లకి ఏం చెప్పకూడదో, ఏ శబ్దానికి భయపడుతుందో, ఎవరి దగ్గర వూరట పొందుతుందో అన్న నాలుగు ముక్కలు ఆమె వెంట వెళితే చాలు. కథ మొత్తం వెళ్లక్కర్లేదు. ఈ తేడా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి అర్థం కాదు, పిల్లతో కూర్చున్నవాళ్లకి అర్థమవుతుంది.

కథ మొత్తం వెళితే ఏమవుతుందో రోహింగ్యాలనడిగితే తెలుస్తుంది. బంగ్లాదేశ్ శిబిరాల్లో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ నమోదు చేసిన వేలిముద్రలు, ఫొటోలు, కుటుంబ వివరాలు చివరికి వాళ్లు ఎవరి నుంచి పారిపోయి వచ్చారో ఆ మయన్మార్ ప్రభుత్వానికే చేరాయని 2021 జూన్‌లో హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది. సమ్మతి అడిగామని ఆ సంస్థ వాదన. రేషన్ కార్డు కోసం వరుసలో నిలబడ్డ తల్లి సమ్మతి ఎంతటి సమ్మతి? మన దగ్గర 2018లో తెలంగాణ పోలీసులు తప్పిపోయిన పిల్లల కోసం దర్పణ్ అనే ముఖం గుర్తింపు సాధనం తెచ్చారు. ఏళ్ల తరబడి కనిపించని బిడ్డలు కొందరు దాని వల్ల తల్లుల దగ్గరికి చేరారు, ఆ సంతోషాన్ని కాదనలేం. కానీ పెళ్లి తప్పించుకుని పారిపోయిన పదిహేనేళ్ల పిల్ల కూడా ఆ జాబితాలో 'తప్పిపోయిన' పిల్లే. యంత్రం ముఖాన్ని గుర్తుపడుతుంది, ఎందుకు పారిపోయిందో గుర్తుపట్టదు. అది అడగవలసిన మనిషి మళ్లీ కౌన్సిలరే.

రాత ఎవరి చేతిలో వుంటుందన్నది ఈ జిల్లాలకి కొత్త ప్రశ్న కాదు. 1999లోనూ, 2001లోనూ దేవరకొండ ప్రాంతపు లంబాడీ తండాల నుంచి ఆడశిశువుల్ని కొని దత్తత సంస్థలకి చేర్చిన వ్యవహారం బయటపడ్డప్పుడు, తల్లులు ఇష్టపూర్వకంగా వదులుకున్నారంటూ పత్రాలు సిద్ధంగా వున్నాయి. చదువు రాని తల్లి వేలిముద్ర, బిడ్డకి తల్లి లేకుండా చేసింది. ఆ బిడ్డల్లో ఎవరైనా ఇవాళ తన పుట్టుక వెతుక్కుంటూ వస్తే ఆ ఫైలు ఆమెకి ఏం చెబుతుంది? కంప్యూటరులో ఎక్కించినంత మాత్రాన అబద్ధం నిజమైపోదు, కాకపోతే చెరపటం కష్టమవుతుంది.

చట్టాలు లేవని కాదు. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం పిల్ల పేరు, ఫొటో, బడి ఏదీ బయటపెట్టకూడదు. 2023 వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి వుండాలంటుంది. 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, ముఖ్యమైన సెక్షన్లకి మరో పద్దెనిమిది నెలల గడువిచ్చారు. కానీ తండ్రే హింసించిన చోట తండ్రి అనుమతి ఎలా అడుగుతాం? తల్లి మేస్త్రీ వెంట వెళ్లిపోతే ఎవరి సంతకం? పైగా ప్రభుత్వ శాఖలకి ఆ చట్టంలో మినహాయింపుల తలుపులు చాలానే తెరిచివున్నాయి. మన జిల్లాల పిల్లల సమాచారం ఎక్కువగా వుండేది ఆ శాఖల దగ్గరే.

1992 డిసెంబరులో భారతదేశం బాలల హక్కుల ఒడంబడికని ఆమోదించింది. దాని 39వ అధికరణం హింసకి, దోపిడీకి, నిరాదరణకి గురైన పిల్లలు శరీరంగానూ, మనసుగానూ కోలుకునే ఏర్పాటు చెయ్యాలని రాజ్యాన్ని ఆదేశిస్తుంది, అదీ పిల్ల ఆత్మగౌరవాన్ని కాపాడే వాతావరణంలో. ఆ వాతావరణం అన్నమాటని నేను చాలా మామూలు అర్థంలో తీసుకుంటాను. అంగన్‌వాడీ అంటే మన వూళ్లలో ఒక గది. వంట అక్కడే, నిద్ర అక్కడే, బాలింతల కొలతలు అక్కడే. ఆ గదిలో స్పీకరు ఫోన్‌లో 14416కి మాట్లాడితే వూరంతా వింటుంది. ఉదండాపూర్ నిర్వాసితులకి కట్టే కాలనీలోనూ, డిండి కింద కట్టబోయే కాలనీల్లోనూ అంగన్‌వాడీ నమూనా మామూలు నమూనాయే అయితే ఇదే పరిస్థితి. గ్రామసభల్లో ప్యాకేజీ చర్చకి వచ్చినప్పుడు మన సంఘాల వాళ్లు అడగవలసినవి కొన్ని వున్నాయి. ఆ భవనంలో తలుపు వేసుకునే చిన్న గది ఇంకొకటి. కాలనీకి జనం చేరిన మొదటి రెండేళ్లు అక్కడే వుండే ఒక కౌన్సిలర్, వీలైతే తండా మాట వచ్చిన అమ్మాయి. టీచరు ఫోన్ నుంచి వేరుగా ఆ గదిలో ఒక ల్యాండ్‌లైన్ లాంటిది. అన్నీ కలిపినా రిజర్వాయరు కట్ట మీద వేసే దీపాల ఖర్చుకి సరితూగవు. ఈలోగా 1098, 14416 రెండు నంబర్లూ కేంద్రం గోడ మీద బొగ్గుతోనైనా రాసి పెట్టవచ్చు. 1098 ఇప్పుడు ప్రభుత్వమే నడుపుతోంది, 112తో కలిపారు. ఆ గోడ మీద నంబరు చూసి ముందుగా ఫోన్ చేసేది పిల్ల కాకపోవచ్చు, టీచరమ్మే కావచ్చు. తన గురించే కావచ్చు.